గుండు చేయించుకుంటే ఫేస్ మెషిన్ గుర్తుపడుతుందా?

కొండెక్కేటప్పుడు నిండా జుట్టు, గుబురు మీసం. కల్యాణకట్ట నుంచి బయటికొచ్చేసరికి రెండూ లేవు, నెత్తికి చందనం, నుదుటన నామం. ఇప్పుడు కెమెరా ముందు నిలబడితే ఒప్పుకుంటుందా? 2023 మార్చిలో టీటీడీ ముఖ గుర్తింపును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది కదా, తిరుపతి వాళ్లకు ముందొచ్చే డౌట్ ఇదే.

మామూలుగా అయితే ఒప్పుకుంటుంది. మెషిన్ ఫొటో పక్కన ఫొటో పెట్టి చూడదు, మీ ముఖాన్ని ఒక అంకెల వరుసగా మార్చి, మొదటిసారి తీసిన అంకెలకు ఇప్పటివి ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కేస్తుంది. ఆ లెక్కలో కళ్లు, ముక్కు, వాటి చుట్టుపక్కలే కీలకం, జుట్టుది చిన్న పాత్ర. గుబురు గడ్డం తీసేస్తే మార్కులు కాస్త తగ్గొచ్చు, మాస్క్ పెడితే ఇంకా తగ్గుతాయి.

(తెరపై: ఫ్యాక్టరీ గేటు)

ఇక తాకకుండా గుర్తించడం అసలు ఎవరికి అవసరమంటే, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలనే తీసుకోండి, సీజన్‌లో చేతులు తడిగా, జిగటగా ఉంటాయి. గ్రానైట్ పని చేసేవాళ్లకైతే వేలి గీతలే అరిగిపోతాయి. అక్కడ వేలిముద్ర మెషిన్ పెట్టి 'తుడిచి మళ్లీ పెట్టు' అంటుంటే షిఫ్ట్ టైమ్‌కి గేటు దగ్గర క్యూనే!

అయితే అన్ని తలుపులకూ ముఖమే సరిపోదు. అచ్చం ఒకేలా ఉండే కవలల దగ్గర తడబడొచ్చు. కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ నమూనా కవలల్లో కూడా వేరుగా ఉంటుంది కాబట్టి లాకర్ గదిలాంటి చోట ఐరిస్ స్కానర్ మేలు. అరచేతి సిరలను చూసేవీ ఉన్నాయి: పరారుణ కాంతిని సిరల్లోని రక్తం పీల్చుకుంటుంది, కెమెరాకు అవి నల్లటి గీతల్లా కనిపిస్తాయి. చర్మం లోపలి సంగతి కదా, దొంగిలించడం కష్టం.

ఇంకోటి, కార్డు చూపించి 'ఈ కార్డు మనిషి ఇతనేనా' అని అడగడం మెషిన్‌కి సులువు. కార్డు లేకుండా వెయ్యి మందిలో వెతకమంటే మాత్రం, మనుషులు పెరిగేకొద్దీ ఒకరిని ఇంకొకరనుకునే చాన్స్ కూడా పెరుగుతుంది.

మీ ఆఫీసుకో, అపార్ట్‌మెంట్‌కో కొంటున్నారా? డెమోకి వచ్చినాయన మాటలు తర్వాత, ముందు నమోదైన ఒకరి సెల్ఫీని ఫోన్లో పెట్టి కెమెరాకు చూపించండి. తలుపు తెరుచుకుంటే ఆ మెషిన్ వద్దు. తెరుచుకోకపోతే, మానేసిపోయినవాళ్ల డేటా ఎన్నాళ్లకు చెరిపేస్తారో కాగితం మీద రాయించుకుని అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి.