గ్లాసు బయట చేరిన తేమ

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం. నిత్యజీవితంలో కనిపించే పర్యావరణ శాస్త్రం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నీరు, నేల, గాలి అని మూడు భాగాలుగా రాసుకొని వచ్చాను. కానీ నా ముందు పెట్టిన ఈ చల్లటి నీళ్ల గ్లాసును చూశాక, ఎన్నో ఏళ్లుగా మనసులో ఉండిపోయిన మాట ఒకటి ముందు చెప్పుకోవాలనిపిస్తోంది.

ఏడో తరగతి పరీక్షలో సాంద్రీకరణానికి, అంటే ఆవిరి చల్లబడి నీరుగా మారడానికి, ఉదాహరణ అడిగితే, చల్లటి గ్లాసు బయట చేరే తేమ అని రాశాను. సున్నా వేశారు. పాఠంలో ఉన్నది మేఘమనీ, గ్లాసు మీది నీళ్లు లోపలి నుంచి ఊరినవనీ మా మాస్టారు అన్నారు. ఆ సాయంత్రం గ్లాసు నీళ్లలో సిరా కలిపి, ఎదురుగా కూర్చుని చూశాను. ముందు గాజు మసకబారింది, తర్వాత ఆ మసక సన్నని చుక్కలైంది, రెండు చుక్కలు కలిసి బరువెక్కి జారాయి. లోపల ముదురు నీలం. జారిన చుక్కలో రంగన్నదే లేదు. కాలేజీలో చేరాక మూత పెట్టిన చల్లటి గ్లాసును త్రాసులో పెట్టి చూస్తే, బరువు తగ్గకపోగా పెరిగింది. గాలిలో కంటికి కనిపించని ఆవిరి, చల్లటి గాజును తాకి నీరుగా మారుతోందనడానికి అంతకంటే ఏం కావాలి?

ఇది మార్కుల కోసం చెప్పుకుంటున్న బాధ కాదు. ఆ తేమను గమనించిన పిల్లవాడికి రేపటి వానలు అర్థమవుతాయి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలిలో ఉండగలిగే ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. భూమి వేడెక్కేకొద్దీ కుండపోత వానలు మరింత ఉధృతమవడానికి ఇదొక ముఖ్య కారణం. గ్లాసు దగ్గర జరిగేదే ఆకాశంలోనూ జరుగుతుంది. అక్కడ గాలి పైకి లేచి చల్లబడుతుంది, ఆవిరి ధూళి కణాల మీద చుక్కలుగా చేరుతుంది. గ్లాసును కాదని మేఘాన్ని మాత్రమే బట్టీ పట్టించడం పిల్లల చూపును మూసేయడమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక్కడ అమెరికా శాస్త్రవేత్త యూనిస్ ఫుట్ గురించి చెప్పకుండా ఉండలేను. 1856లో ఆమె గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి, థర్మామీటర్లు ఉంచి, ఎండలో పెట్టారు. పొడిగాలి కంటే తేమగాలి ఎక్కువ వేడెక్కింది. అన్నిటికంటే ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ వేడెక్కింది, ఎండలోంచి తీశాక అది చల్లారడానికి ఎన్నో రెట్లు ఎక్కువ సేపు పట్టింది. అటువంటి వాయువు నిండిన వాతావరణం భూమిని వేడిగా ఉంచుతుందని ఆమె రాశారు. ఆ పరిశోధనను శాస్త్రజ్ఞుల సభలో చదివింది ఆమె కాదు, జోసెఫ్ హెన్రీ అనే మరో శాస్త్రవేత్త. భూమి నుంచి వెలువడే వేడి వంటి కిరణాలను ఈ వాయువులు పీల్చుకుంటాయని 1859లో భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ మొదలుపెట్టిన కొలతలతో తేలింది. ఆమె పేరు మాత్రం నూరేళ్లకు పైగా మరుగున పడిపోయింది. గొట్టాలు, థర్మామీటర్లు, గాలి పంపు, ఎండ: ఆమె పనిముట్లు ఇంతే.

నేల గురించి, గాలి గురించి రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెడుతున్నాను. చెట్టు నీడ రేకు నీడ కంటే ఎందుకు హాయిగా ఉంటుందో మాత్రం చెబుతాను. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. రేకు ఆ పని చేయదు సరికదా, తానే కాగి కింద ఉన్నవారి మీదికి వేడిని వదులుతుంది. తడి చేతిని గాలిలో ఊపినప్పుడు తగిలే చల్లదనమూ ఇదే.

ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లలు పుస్తకంలో లేని ఉదాహరణ రాసినప్పుడు ఎర్ర కలం ఎత్తకముందు దాన్ని ఒకసారి చేసి చూడండి. విద్యార్థులారా, మీ బల్లల మీదా చల్లటి నీళ్ల సీసాలున్నాయి. వేలితో ఒక గీత గీసి ఆ తేమను తుడవండి. గీత మళ్లీ మసకబారడానికి ఎంత సేపు పడుతుందో గడియారం చూసి రాసుకోండి. నాకు మిగిలిన సమయాన్ని దానికే ఇస్తున్నాను.