బిందె లెక్క
(జూన్ 20న భద్రాచలంలో ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, ఎదురుగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాద. చెబితే అయిదు నిమిషాలు పోతాయి, పెద్దలు మన్నించాలి. ముందొక పనుంది. నీలం చొక్కా బాబూ, ఆ మూలనున్న ఇరవై లీటర్ల క్యాను తెచ్చి ఈ బల్ల మీద పెట్టు. వాగు నీళ్లేనా? బట్టతో వడగట్టారా? మంచిది. ఈ సీసాలో ఉన్నది బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చిన నీళ్లు, మీవాళ్లే పొద్దున కలిపారట. ఇందులోంచి ఒక టీ చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు, క్యానులో పోస్తున్నాను. బాగా కలిపి మూత పెట్టు. ఎవరో ఒకరు టైము రాసుకోండమ్మా. అరగంట దాకా దీన్నెవరూ ముట్టుకోవద్దు.

ఇక విషయం. బ్యానరు మీద 'ప్రపంచ శరణార్థుల దినోత్సవం' అని రాశారు. నిజమే, ఈ రోజు అదే. కానీ మీరు రేపు వెళ్లబోయే గూడేల్లో ఉన్నవాళ్లు శరణార్థులు కారు. దేశం సరిహద్దు దాటితేనే శరణార్థి అని 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతుంది. దాని మీద మన దేశం సంతకమే చేయలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా వైపు నుంచి చింతూరు వచ్చినవాళ్లు, అక్కడి బీజాపూర్ వైపు నుంచి అడవి దారిన చర్ల వచ్చినవాళ్లు దాటింది రాష్ట్రం గీత మాత్రమే. మనం గుత్తికోయలు అంటాం. వాళ్లని అడిగితే కోయతూర్ అంటారు.

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది, అంటే మావోయిస్టులను ఎదిరించడానికి ప్రభుత్వ అండతో గిరిజనులకు ఆయుధాలిచ్చి నడిపిన దళం. ఒకవైపు మావోయిస్టులు, ఇంకోవైపు జుడుం మనుషులు, బలగాలు. ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని దోర్నపాల్, ఎర్రబోరు లాంటి చోట్ల క్యాంపుల్లో పెట్టారు. కొందరు ఇటు వచ్చేశారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమంది. అయినా ఇటు వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. ఇక్కడ పుట్టిన పిల్లలకిప్పుడు మీసాలొచ్చాయి.

పోలవరం కింద మునిగే ఊరికి పునరావాస చట్టముంది. గోదారి వరదొస్తే విపత్తు నిర్వహణ చట్టముంది. తుపాకుల మధ్య ఊరొదిలినవాడికంటూ మన దేశంలో ప్రత్యేకమైన చట్టం లేదు. ఐక్యరాజ్యసమితి 1998లో అంతర్గత నిర్వాసితుల గురించి 30 సూత్రాలు రాసింది. చదవడానికి బావుంటాయి, కోర్టులో అమలుకు రావు. చేయాలనుకుంటే చేయొచ్చనడానికి మిజోరం గొడవల్లో పారిపోయి త్రిపుర వచ్చిన బ్రూ తెగ కుటుంబాల ఉదాహరణ ఉంది. 2020 జనవరి ఒప్పందంలో కుటుంబానికి 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోడానికి లక్షన్నర, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, రేషను అని రాసుకున్నారు. రాష్ట్రం గీత దాటి ఇటు వచ్చినవాళ్లకు అలాంటి కాగితం ఎవరూ రాయలేదు.

సరే, మీ కార్యక్రమం కాగితం చూశాను. 'దుప్పట్లు, పాత బట్టల పంపిణీ' అని ఉంది. కోప్పడుతున్నాననుకోకండి, కోపమే. జూన్ నెలలో దుప్పట్లేమిటి? ఇక పాత బట్టల మూట విప్పితే ఏముంటాయో ఎప్పుడైనా చూశారా? ఒంటి చెప్పులు, జిప్పు ఊడిన ప్యాంట్లు, ఎవరి పెళ్లికో కుట్టించిన కోటు, స్కూలు టైలు. అడుగున తడిసి బూజు పట్టిన పొర. వాటిని ఏరి, సైజుల వారీగా పెట్టడానికి పదిమంది మనుషులు రెండు రోజులు కూర్చోవాలి. అదే రెండు రోజులు అదే పదిమంది వాగు ఇసుకలో తవ్విన చెలమ చుట్టూ తడిక కడితే గూడెం మొత్తం వానాకాలం గడుపుతుంది. ఇచ్చేవాడి బీరువా ఖాళీ కావడానికి చేసే పనిని సాయం అనకండి.

ఒక్క పాత చీరకు మాత్రం పనుంది. మెత్తబడిన నూలు చీరను నాలుగు మడతలు పెట్టి బిందె మూతికి కడితే బురద, పెద్ద నలుసులు ఆగుతాయి. కొత్త చీరైతే ఆగవు, నేత పలచన. కాబట్టి తెస్తే ఉతికిన పాత నూలు చీరలు తెండి. మిగతావి మీ ఊళ్లోనే ఉంచండి.

ఇప్పుడు బిందె లెక్క. ఇది రాసుకోండి. సహాయ శిబిరాలకు ప్రపంచమంతా వాడే కనీస ప్రమాణం మనిషికి రోజుకు 15 లీటర్లు. తాగడానికి, వండడానికి, ఒళ్లు కడగడానికి అన్నీ కలిపి. ఆరుగురున్న ఇంటికి 90 లీటర్లు. బిందె 15 లీటర్లనుకుంటే ఆరు బిందెలు. నీళ్లు ఇంటికి 500 మీటర్ల లోపు ఉండాలి, అరగంటకు మించి వరసలో నిలబడకూడదు. మరి మేలో వాగెండి, చెలమ కిలోమీటరు దూరం జరిగితే? పోనూ రానూ రెండు కిలోమీటర్లు, ఆరుసార్లు. పన్నెండు కిలోమీటర్ల నడక, అందులో సగం పదిహేను కిలోల బరువుతో. తల మీదొకటి, చంకనొకటి పెట్టినా ఆరు కిలోమీటర్లు. మిర్చి కోతకు పోయి సాయంత్రం వచ్చిన మనిషి ఇది చేయగలదా అమ్మా? నువ్వు చెప్పు, మూడో వరస.

చేయదు. మూడు బిందెలు తెచ్చి ఊరుకుంటుంది. అంటే మనిషికి ఏడున్నర లీటర్లు. ప్రాణం నిలబెట్టే నీళ్లు అవే. అప్పుడు దేనికి కోత పడుతుంది? తాగడానికి పడదు, వంటకు పడదు. చంటిపిల్లాడి ముడ్డి కడిగాక చేతులు కడుక్కునే చెంబెడు నీళ్లకు పడుతుంది. విరేచనాలు అక్కడ మొదలవుతాయి. 'వాళ్లకు శుభ్రత తెలియదు' అని వేదికల మీద అనేవాళ్లకు ఈ లెక్క చెప్పండి.

చేతిపంపుకు 500 మంది, చేదబావికి 400, కుళాయికి 250 అని ప్రమాణం. గూడెం రిజర్వు ఫారెస్టులో ఉంటే బోరు బండిని లోపలికి రానివ్వరు, అది నిజం. కానీ అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదివారా? గ్రామసభ సిఫారసు చేస్తే తాగునీటికి హెక్టారు లోపు అటవీ భూమి వాడుకోవచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. వలస గూడేనికి విడిగా గ్రామసభ లేదంటారు. పక్కనున్న పాత ఊరి గ్రామసభ తీర్మానం చేయొచ్చు కదా, చేతిపంపు వాళ్లకీ పనికొస్తుంది. ఆ రెండు ఊళ్లను కూర్చోబెట్టండి. ఇద్దరికీ కోయ భాషే, యాస తేడా.

అది అయ్యేదాకా చెలమ. దాని చుట్టూ తడిక కట్టాలి, పశువులు దిగకుండా. ముంచడానికి ఒకటే చెంబు, పొడవాటి కర్రకు కట్టి ఉంచాలి, ఎవరి గిన్నె వాళ్లు ముంచకుండా. ఇంటికి రెండు క్యాన్లు, ఒకటి తేవడానికి, ఒకటి నిలవకు. మూతి సన్నగా ఉండాలి, చెయ్యి దూరకూడదు. వెడల్పు బకెట్లు చవకని కొంటారు. శుభ్రమైన నీళ్లు పోసినా సాయంత్రానికి పిల్లల చేతులతో చెడిపోతాయి.

మందు సంగతి. 33 శాతం క్లోరిన్ ఉన్న మంచి బ్లీచింగ్ పౌడర్ 30 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట వంచుకుంటే ఒక శాతం ద్రావణం. ఇరవై లీటర్లకు ఒక టీ చెంచాడు. నీళ్లు మసగ్గా ఉంటే రెండు. పొడిని తిన్నగా బిందెలో చల్లకండి, అడుగున సున్నం మిగిలి, వాసనకు ఎవరూ తాగరు, పారబోసి మళ్లీ వాగుకే పోతారు. అరగంట ఆగాక లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. పంచాయతీ దగ్గర క్లోరోస్కోప్ ఉంటుంది. చుక్కలేస్తే పసుపు రంగు రావాలి. ఎంతైందమ్మా టైము? పదిహేను నిమిషాలేనా? సరే.

తిండి గురించి తొందరగా. మనిషికి రోజుకు 2,100 కేలరీలు. 400 గ్రాముల బియ్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె, 5 గ్రాముల ఉప్పు, మిగతాది బాలామృతం లాంటి పిండి, కొంచెం చక్కెర. అయిదుగురి ఇంటికి నెలకు 60 కిలోల బియ్యం, 9 కిలోల పప్పు, సుమారు 4 లీటర్ల నూనె. రేషను కార్డుంటే తెలంగాణలో మనిషికి 6 కిలోలు, అంటే 30 కిలోలు. దాతలు మళ్లీ బియ్యమే తెస్తారు. బస్తా ఫొటోలో కనిపిస్తుంది, నూనె ప్యాకెట్టు కనిపించదు. మీరు పప్పు, నూనె తెండి.

పిల్లలకు జబ్బ కొలత పట్టీ. ఆరు నెలలు దాటి అయిదేళ్ల లోపు, ఎడమ చెయ్యి, భుజానికీ మోచేతికీ నడిమధ్య, చొక్కా మీద కాదు, బిగించి లాగకూడదు. 11.5 సెంటీమీటర్ల లోపైతే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కండి. గుంట పడి నిలిస్తే పట్టీ ఏం చెప్పినా సరే, ఆసుపత్రికే. పోషకాహార పునరావాస కేంద్రంలో తల్లి కూడా ఉండాలి. తల్లి మధ్యలోనే లేచి వచ్చేస్తే తిట్టకండి, ఇంటి దగ్గర మిగతా పిల్లలకు ఎవరు వండుతున్నారో కనుక్కోండి. ఆ వంటకు ఒక మనిషిని కుదర్చడమే మీ సాయం.

దోమతెరలు ఇద్దరికొకటి. మందు తెరను కట్టేముందు ఒక రోజు నీడన ఆరబెట్టాలి, ఎండలో కాదు, లేకపోతే మొహం మండుతోందని పక్కన పడేస్తారు. వాగులో ఉతకొద్దు, చేపలు చస్తాయి. టార్పాలిన్ అయితే 4 మీటర్లకు 6 మీటర్లది. మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చొప్పున అయిదుగురికి చాలుతుంది. వదులుగా కడితే మధ్యలో నీళ్లు నిలిచి తెల్లారేసరికి చిరుగుతుంది. వాలు పెట్టి లాగి కట్టాలి.

ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. అసలు విషయం ఇంకా రాలేదండీ. కాగితం.

తెనాలిలో పుట్టిన ఎస్టీ విద్యార్థి ఒకడు, తండ్రి ఉద్యోగం బొంబాయిలో, చిన్నప్పుడే అక్కడికి వెళ్లాడు. అక్కడ మెడికల్ సీటు దగ్గర ఎస్టీ కోటా చెల్లదన్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1990లో తీర్పొచ్చింది: ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన ఇంకో రాష్ట్రంలో ఎస్టీ కాడు. మన తెలుగువాడి కేసు అది. గుత్తికోయల పిల్లవాడు కుల ధ్రువపత్రం అడిగినప్పుడు ఈ సూత్రమే అడ్డొస్తుంది. మన జాబితాలో కోయ ఉంది, గోండు ఉంది. వాగు అటుపక్క మేనమామ ఎస్టీ, ఇటుపక్క మేనల్లుడు కాదు. ఉద్యోగం కోసం వెళ్లినవాడికి పెట్టిన రూలు, ఇల్లు తగలబడితే పారిపోయి వచ్చినవాడికీ అదే రూలా? ఇది తేల్చాల్సింది పార్లమెంటు. తహసీల్దారు టేబుల్ మీద గుద్దితే తేలదు.

టేబుల్ దగ్గర తేలేవి కొన్నున్నాయి. ఇక్కడ పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం. ఇంట్లో కాన్పయినా ఇవ్వాలి. 21 రోజుల్లోపు చెబితే రుసుము లేదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుము. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, అదే పెద్ద తంటా. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడికైనా ఆధార్‌కైనా పుట్టిన తేదీకి ఇదొక్కటే రుజువు. కాబట్టి గూడెంలో ఏ ఇంట్లో నెలలు నిండాయో ఆశా కార్యకర్తతో కలిసి పట్టిక రాసి పెట్టుకోండి. బడిలో వయసు రుజువు లేదని చేర్చుకోకపోతే విద్యాహక్కు చట్టం సెక్షన్ 14 చూపించండి, దాని కోసం బిడ్డను ఆపకూడదని అందులో ఉంది.

ఇంకొకటి. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం). 2005 డిసెంబరు 13కు ముందు పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్లగొట్టబడినవాళ్లకు ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాస హక్కుంది. జుడుం మొదలైంది ఆ జూన్‌లో. ఆ ఆరు నెలల్లో వచ్చినవాళ్లెవరో తేలాలంటే రాసి పెట్టినవాళ్లుండాలి. పాత ఊరి పేరు, పంచాయతీ, పటేల్ పేరు, నడిచొచ్చిన దారి. తేదీ అడిగితే చెప్పలేరు. భూమి పండుగకు ముందా తర్వాతా, వాగు నిండుగా ఉందా, ఇప్పపూలు రాలుతున్నాయా అని అడగండి, చెబుతారు. ఆడవాళ్లను విడిగా అడగండి, కోయ వచ్చిన అమ్మాయిని తోడు తీసుకెళ్లి. ఆ జ్ఞాపకమున్నవాళ్లు ముసలివాళ్లవుతున్నారు.

రాసిన కాగితాలకు గట్టి ప్లాస్టిక్ కవరు, రెండు జిరాక్సులు. ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకో ఊళ్లో చుట్టాల దగ్గర. గడ్డికప్పు ఇల్లు ఒక్క నిప్పురవ్వకు పోతుంది, కార్డులన్నీ దాంతోనే పోతాయి. సంత రోజున వెళ్లకండి, గూడెంలో ఎవరూ ఉండరు. ఏది పంచినా ముందురోజు ఇంటింటికీ తిరిగి లెక్కరాసి చీటీలివ్వండి. చీటీ లేకుండా బస్తా దించితే దూరపు గుడిసె వాళ్లకు అందదు.

ఎంతైంది? ముప్పై రెండు నిమిషాలా? బాబూ, క్లోరోస్కోప్ తే. గీత దాకా నీళ్లు పోసి చుక్కలు వెయ్యి. ఊపు. వెలుతురుకు పెట్టు.

ఊఁ. రంగు రాలేదు. అందరికీ కనిపించేలా చూపించు, దాచకు. పౌడరు ఏ సంచిలోది? స్టోర్‌రూమ్‌లో మూతి విప్పి ఉన్న పాతదా? అదీ సంగతి. గాలి తగిలి బలం పోయింది. కొలత సరిగ్గానే వేశాం, మందే లేదు. ఇదే సంచి రేపు గూడెం తీసుకెళ్తే, మందేసిన నీళ్లని నమ్మి తాగుతారు. కొత్త సంచి తెప్పించండి, తయారీ తేదీ చూసి. విప్పగానే మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పొయ్యండి, ఇనప డబ్బాలో వద్దు, తినేస్తుంది. ఈ క్యాను నీళ్లు చెట్లకు పొయ్యి బాబూ, ఎవరూ తాగకండి.