నానోవైర్ తల మీది బొట్టు ఏం చేస్తుంది?

నమస్కారం. నానోవైర్ అంటే వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి స్ఫటిక తీగ. దాని ఫొటో ఎప్పుడైనా చూస్తే కొస మీద గుండ్రటి బొట్టు కనిపిస్తుంది. ‘ఉత్ప్రేరకం’ అని ఒక్క మాట అనేసి చాలామంది ముందుకెళ్లిపోతారు. నా దృష్టిలో అసలు కథంతా ఆ బొట్టులోనే ఉంది.

బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ 1964లో దీని గుట్టు విప్పారు. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సిలికాన్ 1414 దగ్గర కరుగుతాయి. సరైన పాళ్లలో కలిస్తే మాత్రం 363 డిగ్రీలకే ద్రవమైపోతాయి! సిలికాన్ పలక మీద బంగారు రేణువు పెట్టి వేడిచేస్తే ఏర్పడే బొట్టు అదే. ఇప్పుడు సిలేన్ వాయువు వదలండి. అందులోని సిలికాన్ బొట్టులో కరుగుతూ పోతుంది. ఇక ఇమడలేనంత అయ్యాక, మిగిలింది బొట్టు అడుగున స్ఫటికంగా పేరుకుంటుంది. పొర మీద పొర పడుతుంటే బొట్టు పైకి లేస్తుంది, కింద తీగ పొడవవుతుంది.

తీగ మందం బొట్టు సైజును బట్టే ఉంటుంది. ఇంకో సంగతి, బొట్టు మరీ చిన్నదైతే దాని ఉపరితలం వంపు ఎక్కువై, సిలికాన్ స్ఫటికంగా మారడానికి మొగ్గు తగ్గుతుంది. అందుకే సన్నటి తీగలు నెమ్మదిగా పెరుగుతాయి.

నాకు బాగా నచ్చే భాగం గాలియం ఆర్సెనైడ్‌ది, అంటే గాలియం, ఆర్సెనిక్ కలిసిన అర్ధవాహకానిది. ఇక్కడ బంగారం లేకుండా గాలియం బొట్టుతోనే తీగ పెంచొచ్చు. స్క్రీన్ మీద బొట్టు అంచు తీగ పైముఖాన్ని తాకే చోట ఏర్పడే కోణం చూడండి. ఆ కోణం దాదాపు 100 నుంచి 125 డిగ్రీల మధ్య ఉంటే అణువుల పొరలు ఏ-బీ-ఏ-బీ వరసలో పడతాయి, అది వర్ట్‌జైట్ అనే స్ఫటిక నిర్మాణం. ఆ హద్దులు దాటితే ఏ-బీ-సీ వరస, అంటే జింక్ బ్లెండ్. మామూలు గాలియం ఆర్సెనైడ్ దిమ్మలో కనిపించేది జింక్ బ్లెండ్ ఒక్కటే. ఆర్సెనిక్ పెంచితే బొట్టు చిక్కుతుంది, గాలియం పెంచితే ఉబ్బుతుంది. దాంతోపాటే కోణమూ మారుతుంది. అంటే వాయువుల పాళ్లు మార్చి, ఒకే తీగలో రెండు నిర్మాణాలూ తేవచ్చన్నమాట.

మరి బంగారం ఎందుకు మానేయాలి? అది సిలికాన్‌లోకి చేరితే ఎలక్ట్రాన్లనూ హోల్స్‌నూ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలను) పట్టేసి పరికరం పనితీరును దెబ్బతీస్తుంది. గాలియంతో ఆ బెడద లేదు. చివర్లో గాలియం ఆపేసి ఆర్సెనిక్ మాత్రం వదిలితే, బొట్టు కూడా గాలియం ఆర్సెనైడ్‌గా మారి తీగలో కలిసిపోతుంది.