మాస్టారు, మేస్త్రీ: ఒకే మాట

అందరికీ నమస్కారం.

మా మేడ మీద గది వేస్తున్నప్పుడు, మేస్త్రీ ఒక కుర్రాడికి గోడ కట్టడం నేర్పుతుంటే చూస్తూ నిలబడిపోయాను. దారం బిగించి కట్టించాడు. రసమట్టం పెట్టి చూడమన్నాడు. ఒక ఇటుక రవ్వంత బయటికొస్తే తీయించి, మళ్లీ పెట్టించాడు. అచ్చం బడిలో పాఠం చెప్పినట్టే ఉంది.

'మేస్త్రీ' పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి వచ్చిన మాట. స్పెయిన్‌లో మాట్లాడే గలీషియన్, కటలాన్ భాషల్లోనూ 'మెస్త్రె' అనే అంటారు. స్పానిష్‌లో 'మాఎస్త్రో'. వీటితో ఏ చుట్టరికమూ లేని బాస్క్ భాష కూడా ఈ మాటను తీసుకుని 'మైసు' చేసుకుంది. అన్నిటికీ మూలం లాటిన్ 'మగిస్తెర్', అంటే పెద్ద, గురువు. అందులోని 'మగిస్' అంటే 'ఎక్కువ'. సంస్కృతంలోని 'మహత్' కూడా ఆ వేరుదే. 'గురు' అన్నా బరువైనదనే కదా అర్థం! చదువు చెప్పేవాణ్ని ఇక్కడ బరువుతో కొలిచారు, అక్కడ పెద్దరికంతో కొలిచారు.

స్పెయిన్‌లో మాఎస్త్రో అంటే ముందుగా ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. సంగీత విద్వాంసుడూ మాఎస్త్రోనే, ఎద్దుల పోరులో ఆరితేరినవాడూ మాఎస్త్రోనే. కటలాన్‌లో వాయవ్యం నుంచి వీచే గాలిని 'మెస్త్రాల్' అంటారు, గాలులన్నిటికీ అది పెద్ద అన్నట్టు. నా మనసుకు బాగా పట్టింది మాత్రం పోర్చుగీసు 'మెస్త్రె ద ఓబ్రష్'. అంటే కట్టుబడి పని చూసే మేస్త్రీ. పని వచ్చినవాడికీ, నేర్పేవాడికీ అక్కడ ఒకటే మాట.

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక పోర్చుగీసువాళ్లు మన తీరాల్లో కోటలు, చర్చిలు కట్టారు, ఓడలు బాగుచేయించారు. వాళ్లతో వచ్చిన ఈ మాట తమిళంలో 'మేస్తిరి', హిందీలో 'మిస్త్రీ' అయింది. తర్వాతి కాలంలో కూలీలకు ముందే డబ్బిచ్చి, అప్పులో బిగించి బర్మాలోని రంగూన్ తీసుకెళ్లిన వాళ్లనూ మేస్త్రీలే అన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువాళ్లకు ఆ మాట ఎంత చేదుగా ఉండేదో!

ఇక ఇంగ్లీషు 'మాస్టర్' కూడా ఆ మగిస్తెర్ బిడ్డే. అంటే మన 'మాస్టారు', 'మేస్త్రీ' అన్నదమ్ములు. వేర్వేరు ఓడల్లో వచ్చి ఒకరు నల్లబల్ల దగ్గర, ఒకరు ఇటుకల దగ్గర ఆగారు. మర్యాదంతా మొదటివాడికే దక్కింది.

మా ఇంట్లో అందరం "ఏం మేస్త్రీ" అనే పిలిచేవాళ్లం. ఆ కుర్రాడు మాత్రం తాపీ కింద పెట్టి, "మేస్త్రీ గారూ, ఈ వరస చూడండి" అనేవాడు.