పాత వీధిలో కొత్త భవనం: ముందు కింది అంతస్తు చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ అందులోనే అయిపోతుంది, మన్నించండి, నేరుగా విషయానికొస్తాను.

పాత ఇళ్ల మధ్య ఖాళీ జాగాలో కొత్తది కడుతున్నారనగానే మనం ఎలివేషన్ గురించే, అంటే వీధివైపు కనిపించే ముఖం గురించే కొట్టుకుంటాం. వియన్నాలో 1910లో ఇదే గొడవ. రాజభవనానికి ఎదురుగా ఆర్కిటెక్ట్ అడాల్ఫ్ లోస్ కట్టిస్తున్న భవనం పై అంతస్తుల్లో నగిషీ అన్నదే లేదని పని ఆపించేశారు, చివరికి కిటికీల దగ్గర కంచు పూలతొట్లు పెడితే రాజీ కుదిరింది. ఇప్పుడు అదే రక్షిత కట్టడం! అందరూ పైకి చూసి తిట్టారు గానీ, కింద పాలరాతి స్తంభాలు, వాటి వెనక బట్టల దుకాణం, వీధిలో నడిచేవాడికి కావలసినవన్నీ ఉన్నాయి.

ప్రాగ్‌లో డ్యాన్సింగ్ హౌస్ అనే భవనం కూడా పాత ఇళ్ల మధ్య కట్టిందే. 1945 బాంబు దాడిలో పోయిన ఇంటి జాగాలో 1996లో పూర్తయింది. ఒళ్లంతా మెలితిరిగి ఉన్నా పక్క ఇళ్లను మించిపోయి ఆకాశానికి ఎగబాకలేదు.

ఇంకా రంగుల గురించీ, ఇటుక గురించీ చెప్పాలనుకున్నాను, వదిలేస్తున్నాను. ఎందుకంటే ఒక సంగతి నా కడుపులో రగులుతూనే ఉంది. ఇలాంటి జాగా మీదే అభిప్రాయాలు చెప్పమంటే ఒక సమావేశానికి వెళ్లాను. అద్దాలా ఇటుకా, చూరు గీత కలవాలా వద్దా, కిటికీలు నిలువుగానా అడ్డంగానా... ఒకటే వాదన. గ్రౌండ్ ఫ్లోర్ షీట్, అంటే కింది అంతస్తు నక్షా, బల్ల మీదే ఉంది, జాగా వెడల్పంతా పార్కింగ్ గేటే. నేను రెండుసార్లు చేయెత్తాను. "అది టెక్నికల్ విషయమండీ" అని పేజీ తిప్పేశారు.

ఇప్పుడు అక్కడ ఏముందో తెలుసా? పైన అందరూ మెచ్చిన ముచ్చటైన ఇటుక పని. కింద బూడిదరంగు షట్టర్, ఈ చివర నుంచి ఆ చివరదాకా. కార్లు ఎక్కడానికి ఫుట్‌పాత్ కోసి ర్యాంపు వేశారు, వాన పడితే నీళ్లన్నీ అక్కడే. ఒక గుమ్మం లేదు, ఒక కిటికీ లేదు, సాయంత్రమైతే దీపం వెలుగు లేదు. జనం అక్కడికి రాగానే అవతలి వైపుకి దాటేస్తున్నారు.

మీలో ఎంతమంది ఇలాంటి సమావేశాలకి వెళ్తారు? చేతులెత్తండి. సరే, మీకే చెబుతున్నా: ముందు గ్రౌండ్ ఫ్లోర్ షీట్ తెమ్మనండి. తలుపులెన్ని, కార్ల దారి ఎంత వెడల్పు, పక్కింటి గోడతో వరుస కలిసిందా లేదా, ఇవి అడగండి. ఆ షీట్ తేకపోతే వాయిదా వేయమని పట్టుబట్టండి, నేనూ వచ్చి మీ పక్కన కూర్చుంటాను.