నల్లజాతి బొమ్మల కథలు: ఒక్కరుంటే చాలదు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరిన్ ఎవాన్స్ అనే నల్లజాతి పాత్రికేయుడు ఉండేవారు. ఆయన పనిచేసే దినపత్రిక 1947లో మూతపడింది. ఆ కాలంలో కామిక్స్ పుస్తకాలు ఆ దేశంలో నెలనెలా కోట్ల ప్రతులు అమ్ముడుపోయేవి. వాటిలో నల్లవారు ఎక్కడైనా కనిపిస్తే గుడ్లు మిటకరించే నౌకర్లుగానో, అడవిమనుషులుగానో తప్ప కనిపించేవారు కారు. ఉద్యోగం పోయిన ఎవాన్స్, తన తమ్ముడినీ, తెలిసిన మరికొందరు చిత్రకారులనూ కూడగట్టి, రాసినవారూ గీసినవారూ అందరూ నల్లజాతివారే అయిన ఒక కామిక్స్ పుస్తకాన్ని ఆ ఏడాదే వెలువరించారు. దాని పేరు 'ఆల్-నీగ్రో కామిక్స్', వెల 15 సెంట్లు. అందులో నేరాలు ఛేదించే డిటెక్టివ్ ఒకడు, ఐక్యరాజ్యసమితి ఆఫ్రికాకు పంపిన యువ శాస్త్రవేత్త మరొకడు నాయకులు. రెండో సంచికకు బొమ్మలు సిద్ధమయ్యాయి గాని అచ్చుకు కాగితం దొరకలేదు. మొదటిసారి అమ్మిన వ్యాపారి రెండోసారి అమ్మనన్నాడు, మిగిలినవారూ అదే మాట అన్నారు. ప్రతిభకు లోటు లేదు, చదివేవారికీ కొరత లేదు. అయినా ఆ పత్రిక ఒక్క సంచికతో ఆగిపోయింది.

దీనికి పదేళ్ల ముందే, 1937లో, జాకీ ఓర్మ్స్ అనే నల్లజాతి యువతి 'పిట్స్‌బర్గ్ కొరియర్' వారపత్రికలో టార్చీ బ్రౌన్ అనే అమ్మాయి కథను బొమ్మల్లో చెప్పడం మొదలుపెట్టారు. దక్షిణాది పల్లె నుంచి న్యూయార్క్‌లో నల్లజాతివారి పేట అయిన హార్లెమ్‌కు చేరి రంగస్థలం మీద పేరు తెచ్చుకునే అమ్మాయి ఆమె. ఓర్మ్స్ ఆ తరువాత 1945 నుంచి 1956 వరకు గీసిన మరో శీర్షికలో ఒక చిన్నపిల్ల, పెద్దలు నోరెత్తలేని రాజకీయాలను గడుసుగా మాట్లాడేసేది. ఎవాన్స్‌కు దక్కనిది ఓర్మ్స్‌కు ఎలా దక్కింది? కొరియర్ నల్లజాతివారి సొంత పత్రిక. ముద్రణాలయం వారిదే, చందాదారులు వారే. దక్షిణాది రాష్ట్రాల్లో దాన్ని బాహాటంగా అమ్మడం కష్టమైన చోట్లకు రైళ్లలో పనిచేసే పుల్‌మన్ పోర్టర్లు అనే నల్లజాతి సహాయకులు కట్టలు కట్టి చేరవేసేవారు. కళాకారిణి వెనుక ఒక సమాజమే కాగితమై, అచ్చుయంత్రమై, రవాణా అయి నిలబడింది. ప్రాతినిధ్యం గురించి మాట్లాడేవారు ఈ రవాణా సంగతిని ఎందుకో తరచూ మరిచిపోతారు.

తెల్లవారి పత్రికల్లో చోటు దొరికిన తరువాత కూడా చిక్కు తీరలేదు, రూపం మార్చుకుంది. నల్లజాతి కార్టూనిస్టు మోరీ టర్నర్ 1965లో మొదలుపెట్టిన 'వీ పాల్స్' అనే పిల్లల స్ట్రిప్‌ను, అంటే పత్రికలో కొద్ది గళ్లలో వచ్చే బొమ్మల కథను, మొదట వేసుకున్న పత్రికలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాక ఆ సంఖ్య వంద దాటింది. ఒక మహానుభావుడి మరణం తరువాత గాని సంపాదకులకు ఆ బొమ్మలు కంటికి ఆనలేదు. అటుపై చాలా పత్రికలకు నల్లజాతి కళాకారుడి స్ట్రిప్ ఒకటి ఉంటే సరిపోయింది; రెండోవాడు వస్తే మొదటివాణ్ణి తీసేయడమే పద్ధతి. ఈ లెక్కను ఎండగట్టడానికి 2008 ఫిబ్రవరి 10న పలువురు నల్లజాతి కార్టూనిస్టులు కూడబలుక్కుని, తమ తమ స్ట్రిప్పుల్లో ఒకే హాస్యాన్ని గీశారు. మేమంతా ఒకటే అనుకుంటున్నారు గనుక ఇదిగో ఒకటే తీసుకోండి అన్నట్టు! అంత నవ్వించే నిరసన అరుదు. ఒంటరి కార్టూనిస్టు ఎవరూ చేయలేని నిరసన కూడా అది.

డ్వేన్ మెక్‌డఫీ అనే రచయిత ఈ సంగతినే కథల లోపలికి తీసుకువెళ్లారు. ఒక్క నల్లజాతి పాత్రే ఉన్న కథలో ఆ పాత్ర మనిషిగా మిగలదు, జాతి మొత్తానికి ప్రతినిధి అయి కూర్చుంటుంది. దానికి తప్పు చేసే స్వేచ్ఛ ఉండదు, కోపగించుకునే హక్కూ ఉండదు. అందుకే 1993లో ఆయన, డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్ కలిసి 'మైల్‌స్టోన్' సంస్థను స్థాపించి, ఒక ఊరినిండా పాత్రలను సృష్టించారు. వాటిలో ఐకాన్ అనే సూపర్‌హీరో సంప్రదాయవాది అయిన లాయరు; అతనికి తోడుగా పోరాడే రాకెట్ పేదవాడకు చెందిన టీనేజి అమ్మాయి, ఆ వయసులోనే తల్లి కూడా. ప్రపంచం ఎలా నడుస్తుందన్న విషయంలో ఇద్దరికీ క్షణం పడదు. వారి వాదులాటలో ఎవరూ జాతి తరఫున మాట్లాడనక్కరలేదు, ఎవరి మాట వారిదే. పంపిణీని డీసీ కామిక్స్ అనే పెద్ద ప్రచురణ సంస్థ చూసుకున్నా, పాత్రల మీద హక్కులు మైల్‌స్టోన్ తనవద్దే ఉంచుకుంది. నా దృష్టిలో ఆ పాత్రలంత విలువైనది ఆ ఒప్పందం. ఇవి నల్లవారి పుస్తకాలు, మా ఖాతాదారులు కొనరు అన్న దుకాణదారులూ ఉన్నారు. మైల్‌స్టోన్ కామిక్స్ ప్రచురణ ఆ దశాబ్దంలోనే ఆగింది.

దుకాణాలు ముఖం చాటేసినప్పుడు సొంత సంతలు పుట్టాయి. ఫిలడెల్ఫియాలో 2002 నుంచి, హార్లెమ్‌లో నల్లజాతి సంస్కృతికి సంబంధించిన గ్రంథాలయమైన షాంబర్గ్ కేంద్రంలో 2013 నుంచి నల్లజాతి కామిక్స్ ఉత్సవాలు జరుగుతున్నాయి. రచయిత తన పుస్తకాన్ని పాఠకుడి చేతిలో తానే పెట్టగల చోటు అది. హార్లెమ్ ఉత్సవానికి పునాది వేసినవారిలో జెర్రీ క్రాఫ్ట్ ఒకరు. పెద్ద ప్రచురణకర్తలు పట్టించుకోని రోజుల్లో తన పుస్తకాలను తానే అచ్చువేసుకున్న ఆయన రాసి గీసిన 'న్యూ కిడ్'కు 2020లో, అమెరికాలో బాలసాహిత్యానికిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. ఆ పురస్కారం ఒక బొమ్మల నవలకు దక్కడం అదే మొదలు. మరుసటి సంవత్సరం, టెక్సస్‌లో మన తెలుగు కుటుంబాలూ ఉండే కేటీ పట్టణంలో కొందరు తల్లిదండ్రుల అభ్యంతరం మీద పాఠశాలల నుంచి ఆ పుస్తకాన్ని తీసివేశారు, పిల్లలతో క్రాఫ్ట్ ఆన్‌లైన్ ముచ్చటను వాయిదా వేశారు. సమీక్ష జరిపిన తరువాత పుస్తకం తిరిగి అల్మారాల్లోకి చేరింది.