లాగ్‌లో ఒక్క లైను

అందరికీ నమస్కారం. "వెబ్‌సైట్ సందర్శకుల తీరుతెన్నులు" అని నా ప్రసంగానికి పెద్ద పేరే పెట్టారు. నేను తెచ్చింది మాత్రం లాగ్‌లోని ఒక్క లైను. లాగ్ అంటే ఎవరు ఏం అడిగారో సైటును నడిపే సర్వర్ రాసుకునే చిట్టా. తెర మీద చూడండి.

ముందు 203.0.113.45 అనే ఐపీ అడ్రస్, అంటే అడిగినవారి ఇంటర్నెట్ చిరునామా. పక్కన రెండు చిన్న గీతలు. తర్వాత తేదీ, సెకన్లతో సహా టైము. ఏదో పంపుతున్నారని చెప్పే 'పోస్ట్' అనే మాట, పేజీ చిరునామా. 413 అనే అంకె. సర్వర్ తిరిగి పంపిన బైట్లు. రిఫరర్, అంటే ఏ పేజీ నుంచి వచ్చారన్నది. చివర్లో ఆండ్రాయిడ్ ఫోన్, క్రోమ్ బ్రౌజర్ అని చెప్పే యూజర్ ఏజెంట్. సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ అయినా ఇంజిన్‌ఎక్స్ అయినా దాదాపు ఇదే వరస. అసలు ఐపీ తీసేసి, ఉదాహరణల కోసమే కేటాయించిన నంబరు పెట్టాను. ఎందుకో చివర్లో చెబుతాను.

మొదటి గీత, వచ్చిందెవరో చెప్పే ఐడెంట్ అనే పాతకాలపు పద్ధతి కోసం ఉంచిన చోటు. దాని వాడకం ఎప్పుడో పోయింది, చోటు మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. రిఫరర్ సంగతి ఇంకా తమాషా. ఇంగ్లీషు స్పెల్లింగులో మధ్యన జంటగా రావాల్సిన 'ఆర్' అక్షరం ఒక్కటే పడింది. వెబ్ నియమాలు రాసుకున్న 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోకి ఆ తప్పు అలాగే ఎక్కింది, నేటికీ అలాగే నడుస్తోంది. చిరునామాలో తెలుగు ఉంటే మరీ చిత్రం: 'తెలుగు' అన్న మూడక్షరాల మాట లాగ్‌లో శాతం గుర్తులతో కలిపి 54 అక్షరాల తోక అవుతుంది. చూసి కంగారు పడకండి, ఎవరూ హ్యాక్ చేయలేదు.

ఇక లెక్కల దగ్గరికి. 20 బొమ్మలున్న పేజీని ఒక్కరు తెరిస్తే 20కి పైగా లైన్లు పడతాయి. వాటినే హిట్లు అని గొప్పగా చెప్పుకున్న రోజుల్లో నేనూ చెప్పుకున్నాను. హిట్ అంటే ఒక ఫైలు అడిగారని, అంతే.

అడిగింది మనిషేనా అన్నది తర్వాతి ప్రశ్న. మా సైటుకు ఒకసారి రద్దీ ఒక్కసారిగా మూడింతలైంది. అందరం తెగ సంబరపడ్డాం. లాగ్ తెరిస్తే ఒకే అడ్రస్ సెకనుకో పేజీ చొప్పున, రాత్రీ పగలూ, ఒక్క బొమ్మ కూడా అడగకుండా లాగుతోంది. మనిషైతే ఎప్పుడో అప్పుడు నిద్రపోతాడు కదా! కొన్ని బాట్లు, అంటే తమంతట తామే పేజీలు లాగే ప్రోగ్రాంలు, పేరు చెప్పుకునే వస్తాయి, కొన్ని దొంగ పేరుతో వస్తాయి. యూజర్ ఏజెంట్‌లో గూగుల్‌బాట్, అంటే గూగుల్ వాళ్ల బాట్, అని ఎవరైనా రాసుకోవచ్చు. ఆ ఐపీ ఎవరి పేరున ఉందో డీఎన్‌ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ పేర్ల పట్టికలో, వెతికి, వచ్చిన పేరు నుంచి మళ్లీ అదే ఐపీకి చేరగలిగితేనే నమ్మాలి. మీ సైటు వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌లో లేకపోయినా వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీని అడిగే లైన్లు రోజూ కనిపిస్తాయి. అవి తలుపులు నెట్టి చూసుకుంటూ పోయేవాళ్లవి.

ఇప్పుడు ఆ 413. మా దగ్గర ఒక దరఖాస్తు ఫారం ఉండేది, ఫొటో జతచేయాలి. చాలామంది ఫారం దాకా వచ్చి పూర్తి చేయకుండా వెళ్లిపోతున్నారని అనలిటిక్స్, అంటే పేజీలో పెట్టిన స్క్రిప్ట్‌తో సందర్శకులను లెక్కపెట్టే సాధనం, చెప్పింది. మీటింగ్ పెట్టాం. బటన్ రంగు మారుద్దామని ఒకరు, ప్రశ్నలు తగ్గిద్దామని ఇంకొకరు. నేను రంగు పక్షమే, దాచడమెందుకు. ఆ సాయంత్రం ఒక జూనియర్ లాగ్‌లో ఒక్క సందర్శకుడి లైన్లు మాత్రం ఏరి తెచ్చాడు. 10:14:05కి ఫారం తెరిచాడు. 10:19:40కి పంపాడు: 413. 10:19:52కి మళ్లీ: 413. 10:21:30కి ఇంకోసారి: 413. ఆ తర్వాత ఆ మనిషి జాడ లేదు.

413 అంటే పంపింది మరీ పెద్దదిగా ఉందని. ఇంజిన్‌ఎక్స్‌లో మనం మార్చకపోతే ఆ హద్దు 1 ఎంబీ. ఫోన్‌తో తీసిన ఫొటో దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. కంప్యూటర్లో చిన్న బొమ్మతో టెస్ట్ చేసిన మాకు అంతా బాగానే కనిపించింది. ఫారం సర్వర్ గుమ్మం దగ్గరే ఆగిపోవడంతో మా ప్రోగ్రాం ఎర్రర్ లాగ్‌లో ఏమీ పడలేదు. ఎర్రర్ పేజీలో అనలిటిక్స్ స్క్రిప్ట్ లేదు గనుక అక్కడా ఏమీ పడలేదు. మాకు సాక్ష్యం దొరికింది యాక్సెస్ లాగ్‌లో, అంటే తెర మీది లైను ఉన్న ఈ లాగ్‌లో. హద్దు 10 ఎంబీ చేశాం, ఒక్క లైను మార్పు. బటన్ పాత రంగులోనే ఉంది.

అలాగని లాగ్‌ను అతిగా నమ్మకండి. ఒక ఐపీ వెనక ఆఫీసంతా ఉండొచ్చు. ఒకే మనిషి వైఫై నుంచి మొబైల్ డేటాకు మారితే ఇద్దరిలా కనిపిస్తాడు. బ్యాక్ నొక్కితే పేజీ బ్రౌజర్ దగ్గరున్న కాపీ నుంచే రావచ్చు, అప్పుడు లైనే పడదు. సర్వర్ ముందు సీడీఎన్, అంటే మీ పేజీల కాపీలు పంచే మధ్యవర్తి సర్వర్లు, పెట్టుకుంటే మీ సర్వర్‌కు కనిపించేది దాని అడ్రసే, అసలు ఐపీ కోసం ప్రత్యేకంగా సెట్టింగ్ చేసుకోవాలి. 30 నిమిషాలు కదలిక లేకపోతే ఒక సందర్శన ముగిసిందనడం మనం పెట్టుకున్న అలవాటే. చివరి పేజీని చదివాడా, తెరిచి టీవీ ముందు కూర్చున్నాడా అన్నది ఏ లైనూ చెప్పదు. రిఫరర్‌లో కూడా ఇప్పుడు చాలావరకు సైటు పేరే వస్తుంది. ఏ మాట వెతికి వచ్చారో చూసుకునే రోజులు పోయాయి.

ఐపీ ఎందుకు తీసేశానో చెబుతానన్నాను. అడ్రస్, టైము, చదివిన పేజీ మూడూ కలిస్తే అది ఒకరి దినచర్య. అప్పుడప్పుడూ మారే ఐపీ కూడా కొన్ని పరిస్థితుల్లో వ్యక్తిగత సమాచారమేనని యూరప్ న్యాయస్థానం 2016లో చెప్పింది. చివరి అంకెలు చెరిపి దాచండి, అవసరం తీరాక పాత ఫైళ్లు తీసేయండి. మేం నేర్చుకున్నది దెబ్బ తిన్నాకే. ఒక వెతుకులాట పెట్టెలో జనం ఫోన్ నంబర్లు కొట్టేవారు. ఆ ఫారం 'గెట్' పద్ధతిలో ఉండటంతో నంబర్లన్నీ చిరునామాలో చేరి, నేరుగా లాగ్‌లోకి వచ్చాయి. నంబర్లు చిరునామాలో చేరని 'పోస్ట్'కు మార్చి, పాత లాగ్‌లన్నీ చెరిపేశాం. వాటి కాపీలు బ్యాకప్‌లో ఉన్నాయని మాకు గుర్తొచ్చింది మాత్రం రెండు నెలల తర్వాత.